కరెంటు సామానులో నిప్పురవ్వలు – నేతయిండ్లలో తీసికొనవలసిన జాగ్రత్తలు

కోలారు బంగారు గనుల ప్రాంతమునకు కరెంటు కొత్తది కాదు. కావేరి మీద శివనసముద్రము వద్ద తయారైన విద్యుచ్ఛక్తి 1902లో సుమారు 92 మైళ్లు తీగల మీదుగా వచ్చి మొట్టమొదట చేరినది మన గనులకే. బెంగుళూరు వీధులలో కరెంటు దీపములు వెలిగినది అటుపిమ్మట మూడేండ్లకు, అనగా 1905లో. గనులలో ఆ పని చూచుటకు అందుకై నేర్చిన మనుషులు ఉండెడివారు. ఆ గనులు 2001లో మూతపడినవి. నేడు మన ఇండ్లలో మిక్సీ, ఇస్త్రీ పెట్టె, నీళ్లు కాచే రాడ్డు ఉన్నవి. కొందరి ఇండ్లలో కండెలు చుట్టే మోటారు కూడ ఉన్నది. వీనిని కనిపెట్టి చూచుటకు వేరే మనిషి లేడు. ఇంటివారే చూచుకొనవలెను.

“ప్లగ్గులో నిప్పురవ్వలు వచ్చుచున్నవి, కాని ఫ్యూజు పోలేదు. కనుక భయము లేదు గదా?” అని సభ్యులు మమ్ములను అడుగుచుందురు. భయము ఉన్నదనియే మా సమాధానము. ఎందుచేతననగా, ఫ్యూజుగాని, ఎం.సి.బి. గాని మితిమించి కరెంటు పారినప్పుడే తెగును. వదులైన ప్లగ్గులోగాని, సడలిన స్క్రూ దగ్గరగాని వచ్చు నిప్పురవ్వకు ఎక్కువ కరెంటు అక్కరలేదు. ఎప్పుడును పారు కరెంటే ఆ సన్నని సందును దాటునపుడు రవ్వగా మారును. ఆ చోట విపరీతమైన వేడి పుట్టును. ఫ్యూజునకు ఈ సంగతి తెలియదు. వేడికి ప్లాస్టిక్కు మాడి బొగ్గగును. ఆ బొగ్గు మీదుగా కూడ కరెంటు పారసాగును. చివరకు మంట పుట్టును.

పడుగులో తెగిన పోగునకు ముడి వదులుగా వేసినచో మగ్గము వెంటనే ఆగదు. నాడె ఆడుచునే యుండును. తప్పు బయటపడునప్పటికి గుడ్డ చెడిపోయి యుండును. వదులైన కరెంటు అతుకు కూడ అట్టిదే. కనుక ఫ్యూజు మీద భారము వేయక మన కన్ను, ముక్కు, చెవి వీనినే కాపలా ఉంచవలెను.

అన్ని రవ్వలును ప్రమాదకరములు కావు. స్విచ్చి వేయునపుడు, తీయునపుడు లోపల క్షణకాలము సన్నని మెరుపు కనబడవచ్చును. మిక్సీ మోటారులో కార్బను బ్రష్షుల వద్ద చిన్న నీలి రవ్వలు వచ్చుట సహజము. అవి పెద్దవైనను, మాడు వాసన వచ్చినను మిక్సీని ఆపి బాగుచేయించవలెను. ప్లగ్గులోగాని బోర్డులోగాని రవ్వలు మాటిమాటికి వచ్చుట, చిటపట శబ్దము, ప్లాస్టిక్కు కాలిన వాసన, చేతికి తగులు వేడి, గోధుమరంగు మరక, దీపము మినుకుమినుకుమనుట, ముట్టుకొనగా జిల్లుమనుట – వీనిలో ఏ ఒక్కటి కనబడినను ఆ సామానును ఇక వాడరాదు.

రవ్వలు వచ్చినపుడు చేయవలసిన పని యిది:

1. సామానును, ప్లగ్గును తాకరాదు. రవ్వలు చిమ్ముచున్న ప్లగ్గును లాగరాదు. తిన్నగా మెయిను వద్దకు పోయి పొడిచేతితో ఆపవలెను. ప్లగ్గు తీయుట ఆ తరువాతనే.

2. మెయిను బోర్డులోనే రవ్వలు వచ్చుచున్నను, అది తడిసియున్నను దాని జోలికి పోరాదు. అందరును బయటకు వచ్చి, కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోను చేయవలెను.

3. మంట పుట్టినచో నీళ్లు పోయరాదు. కరెంటు ఆపిన పిమ్మట, మంట చిన్నదైనచో పొడి యిసుక చల్లవచ్చును. పెద్దదైనచో ఇల్లు విడిచి 101కిగాని, 112కుగాని ఫోను చేయవలెను. మగ్గము మీది చీర కొరకు ఎవరును లోపలికి పోరాదు.

4. ఎవరికైనను కరెంటు పట్టినచో వారిని చేతితో లాగరాదు. లాగినవారికి కూడ పట్టును. ముందు మెయిను ఆపవలెను. వీలుకానిచో పొడిగానున్న చోట నిలిచి, పొడి కర్రతో తీగను తప్పించవలెను. వెంటనే 108 బండిని పిలువవలెను. మనిషి బాగుగానే యున్నట్లు కనబడినను వైద్యునికి చూపవలెను.

మన వృత్తిని బట్టి మరికొన్ని సంగతులు గమనింపదగినవి. నూలు రాలు చోట బోర్డుమీద, మోటారులోపల పొట్టు చేరుచుండును. ఒక్క రవ్వ పడిన చాలు, ఆ పొట్టు అంటుకొనును. కనుక వారమునకొకసారి కరెంటు ఆపి, పొడిగుడ్డతో దులుపవలెను. పడుగునకు గంజి పెట్టిన తడిచేతితో స్విచ్చి తాకరాదు. మగ్గపు గుంతలో నేల చెమ్మగా నుండును. అందులో కాళ్లు పెట్టుకొని కూర్చున్నవారు తలపై వ్రేలాడు దీపపు తీగను సవరించరాదు. నూలు చిలపలను బోర్డునకు దూరముగా ఉంచవలెను.

ఇక బరువు సంగతి. మన ఇండ్లకు వచ్చునది 230 వోల్టుల కరెంటు. చిన్న ప్లగ్గు 6 ఆంపియర్లకే తయారైనది. అనగా సుమారు 1,380 వాట్లు మాత్రమే మోయగలదు. చలికాలములో వాడు నీళ్ల రాడ్డు 1,500 వాట్లదైనచో దానికి ఆరున్నర ఆంపియర్లు కావలెను. కనుక అది 16 ఆంపియర్ల పెద్ద ప్లగ్గులోనే ఉండవలెను. దానినే చిన్న ప్లగ్గులో పెట్టి, ఆ పక్కనే ఇస్త్రీ పెట్టెను కూడ తగిలించినచో ప్లగ్గు కాగి, లోపలి రేకులు సడలి, రవ్వలు పుట్టును.

ప్లగ్గు లేకుండ ఉత్త తీగలను రంధ్రములలో దూర్చి అగ్గిపుల్లలతో బిగించుట, మూడు కాళ్ల ప్లగ్గులో లావుకాలు విరుగగొట్టుట, తెగిన ఫ్యూజులో లావుతీగ వేయుట – ఈ మూడును మానవలెను. ఆ లావుకాలు ఎర్తుది. లోపము వచ్చిన కరెంటును భూమిలోనికి పంపి మనలను కాపాడునది అదియే. చేతనైనవారు 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీ బ్రేకరు పెట్టించుకొనవలెను. కరెంటు మనిషి గుండా భూమికి పోవునపుడు అది క్షణములో ఆపును. అయినను వదులు అతుకును అదియు కనిపెట్టలేదు. ఆ కాపలా మనదే. ఐ.ఎస్.ఐ. గుర్తుగల ప్లగ్గులే కొని, లైసెన్సుగల పనివానిచేతనే బిగింపించవలెను.

కొత్త ప్లగ్గు ఖరీదు స్వల్పము. దాని కొరకు వెనుకాడిన యింటిలో మగ్గము మీది చీర, అప్పుగా తెచ్చిన నూలు, అన్నిటిని మించి మనుషుల ప్రాణములు పణముగా నుండును. సభ్యులందరును నేటి సాయంత్రమే ఒకసారి మెయిను ఎచ్చటనున్నదో, దానిని ఆపుట ఎట్లో ఇంటిలోని ఆడవారికి, పెద్దపిల్లలకు, ముసలివారికి చూపింపవలెనని మా మనవి. ఆపదవేళ ఇంటిలో ఉండునది ఎవరో ముందుగా ఎవరు చెప్పగలరు?