ఆంగ్ల నౌకాసైన్యమున ఉద్యోగసోపానము

1804వ సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీన విశాఖపట్టణపు రేవులో 'సెంచూరియన్' అను ఆంగ్లేయ యుద్ధనౌక లంగరు వేసికొని యుండగా, లిన్వా అను ఫ్రెంచి నౌకాధిపతి మూడు ఓడలతో వచ్చి దానిపై బడెను. సెంచూరియనునందు ఏబది ఫిరంగులే యుండెను. దాని కప్తాను జబ్బుచే ఓడలో లేకుండెను. ఆతనికి బదులు నియమింపబడిన లిండు అను కప్తాను ఆ సమయమున ఒడ్డుననే యుండెను. అందుచే అధికారము ఫిలిప్సు అను ఒక లెఫ్టినెంటు చేతబడెను. ఆతడు వెనుదీయలేదు. లిండు పడవపై వచ్చి ఓడ నెక్కుదాక ఆతడే పోరు నడపెను. వెంటనున్న రెండు వర్తకనౌకలలో నొకటి శత్రువులకు జిక్కెను. మఱొకటి ఒడ్డునకు గొట్టుకొని ధ్వంసమయ్యెను. సెంచూరియను మాత్రము చిక్కలేదు.

ఈ కథలో మేము పాఠకులకు జూపగోరునది ఫిరంగుల మ్రోత కాదు. ఓడలో లేని ఆ కప్తాను పేరు జాన్ స్ప్రాట్ రెయినియరు. తూర్పు సముద్రములందలి ఆంగ్ల నౌకాదళమున కంతకును నాడు అధిపతి పీటరు రెయినియరు. ఆతని సోదరుని కుమారుడే ఈ కప్తాను. ఆపదవేళ ఓడను నిలిపిన ఫిలిప్సు కేవలము లెఫ్టినెంటు. బంధుబలమొక ప్రక్క, విద్యాబలమొక ప్రక్క! తెరచాపల కాలమునాటి ఆంగ్ల నౌకోద్యోగమంతయు ఈ రెండు పురులను గలిపి పేనిన త్రాడు. ఆ త్రాటితోనే మన దేశమును గూడ గట్టివైచిరి గావున దాని పేనికను పరిశీలించుట మనకు నిరర్థకము గాదు.

ఆ కాలమున ఆంగ్లేయ భూసైన్యమున ధనికులు తమ కుమారులకు ఉద్యోగములను రొక్కమిచ్చి కొనుచుండిరి. ఈ దురాచారము 1871 వఱకు సాగెను. నౌకాసైన్యమున నట్లు గాదు. శామ్యూల్ పెపిస్ అను కార్యదర్శి 1677లో లెఫ్టినెంటు పదవికి పరీక్ష నేర్పరచెను. ప్రభువు కొడుకైనను పండ్రెండు పదుమూడేండ్ల ప్రాయముననే ఓడనెక్కి, కొయ్యస్తంభముల పైకి బ్రాకి, త్రాళ్లు ముడివేసి, సూర్యుని యెత్తు కొలిచి లెక్క కట్టుట నేర్వవలసి యుండెను. పదునెనిమిదవ శతాబ్దిలో ఆఱేండ్ల సముద్రసేవ చూపిన గాని పరీక్షకు రానిచ్చెడివారు గారు. ధనముచే అధికారము కొనవచ్చును గాని తుపానును కొనలేము గదా! ఈ సత్యమును వారు గ్రహించిరి.

అయినను ఈ నియమమునకు సందులు లేకపోలేదు. ఓడ నెక్కక పూర్వమే పసిబిడ్డల పేర్లు ఓడల పట్టికలలో వ్రాయించి సేవాకాలమును పెంచుట కలదు. కాక్రేను అను ప్రసిద్ధ కప్తాను చిన్ననాటనే, పినతండ్రి ఓడల పుస్తకములలో ఆతని పేరు వ్రాయబడెను. నెల్సను వృత్తాంతము సర్వవిదితము. ఆతడు 1771లో పండ్రెండేండ్ల బాలుడుగా మేనమామయగు సక్లింగు ఓడలో జేరెను. బాల్యముననే మదరాసు తీరమును జూచి, ఈ సముద్రముల జ్వరముచే మరణావస్థను బొంది స్వదేశము చేరెను. 1777లో పరీక్షకు బోవునప్పటికి ఆతనికి పదునెనిమిదేండ్లే. యోగ్యతాపత్రమున మాత్రము ఇరువది దాటినట్లు వ్రాసిరి. పరీక్షించిన బోర్డునకు నాడు పెద్ద ఆ మేనమామయే! ఇరువదియేండ్ల ప్రాయముననే, 1779లో, ఆతడు పూర్ణాధికారముగల కప్తానయ్యెను.

దీని ప్రక్కన జేమ్సు కుక్కు జీవితము నుంచి చూడుడు. ఆతడు యార్కుషైరులో ఒక వ్యవసాయ కూలివాని కుమారుడు. బొగ్గు మోయు ఓడలలో పని నేర్చి, 1755లో సామాన్య నావికుడుగా సైన్యమున జేరెను. పటములు గీయుటలో నసమానుడు. అయినను లెఫ్టినెంటు పదవి చేతికందునప్పటికి 1768వ సంవత్సరము వచ్చెను, వయస్సు ముప్పది తొమ్మిదేండ్లు. నెల్సను ఇరువదియేండ్లకు బొందిన పదవి కుక్కునకు 1775లో గాని లభింపలేదు. నాలుగేండ్లకే ఆతడు హవాయి ద్వీపమున జంపబడెను. ఇద్దఱును మహాసమర్థులే. ఒకనికి మేనమామ యుండెను, ఇంకొకనికి లేడు. భేదమంతయు నిదియే.

కప్తానుల పట్టిక నెక్కినవాడు అటుపై పాటుపడ నక్కఱలేదు, బ్రతికియున్న జాలును. పైవారు చనిపోవుకొలది పేరు పైకి జరిగి, వయఃక్రమముచే గాక పట్టికక్రమముచే అడ్మిరలగును. కాని పదవి యున్నను ఓడ దొరకునను నియమము లేదు. సంధి కుదిరినంతనే అధికారులు అర్ధవేతనముతో ఇండ్లకు బంపబడుచుండిరి. నెల్సనంతటివాడును 1788 మొదలు 1793 వఱకు ఐదేండ్లు తండ్రిగారి గ్రామమున ఉత్తచేతులతో గూర్చుండెను. శాంతి ప్రపంచమునకు వరము, వారికి శాపము! యుద్ధమును గోరువారిని ఒక రాజ్యము ఎట్లు తయారు చేసికొనునో దీనివలన దెలియగలదు.

అంతకంటె బలమైన ప్రలోభము పట్టుబడిన ఓడల సొమ్ము. 1808కి పూర్వము ఆ సొమ్ములో ఎనిమిదింట మూడుపాళ్లు కప్తానుది. అందొకటి పై అడ్మిరలునకు జెల్లును. వందలకొలది సామాన్య నావికులందఱకు గలిపి పావుభాగము. 1762లో 'హెర్మియోనీ' అను స్పెయినుదేశపు ధననౌక పట్టుబడగా, ఇద్దఱు కప్తానులలో ఒక్కొక్కరికి సుమారు 65,000 పౌనులు ముట్టెను. నావికునికి ఐదువందల పౌనులైన రాలేదు. మన తూర్పుతీరమును గాచిన ఆ పీటరు రెయినియరు 1808లో మరణించునప్పటికి రెండున్నర లక్షల పౌనుల ఆస్తి గలిగి యుండెను. తన యోగ్యతకు మించిన భాగ్యమని తానే యొప్పుకొని, అందు పదియవ వంతు స్వదేశపు ఋణము తీర్చుటకు వ్రాసి యిచ్చెను. ఈ నిజాయితీకి మెచ్చుకొందము. అయినను తూర్పు సముద్రములపై గడించిన ధనము ఇంగ్లండు ఋణమునకే జమ యగుట మఱవదగినది గాదు.

లాభమెంతయో శిక్షయు నంతయే. 1756లో మినార్కా ద్వీపమును రక్షింపలేక తిరిగివచ్చిన అడ్మిరలు బింగును, శక్తికొలది ప్రయత్నింపలేదను నేరముపై, 1757 మార్చి 14వ తేదీన ఓడపైననే కాల్చి చంపిరి. అది న్యాయమా యని నేటికిని వాదము గలదు. మంత్రుల తప్పును అడ్మిరలు తలకు గట్టిరని మాకును దోచుచున్నది. అయినను ఉన్నతపదవియం దున్నవానికే ఉన్నతమగు బాధ్యత యని ఆ నాటితో ప్రతి కప్తానునకు నెఱుకపడెను.

ఈ నిచ్చెన క్రింద నెవరుండిరి? రేవువీధులలో బలవంతముగా బట్టి తెచ్చిన కూలీలు, కొరడాదెబ్బలు తినుచు, పురుగుపట్టిన రొట్టె నమలుచు నుండిరి. 1658లో నిర్ణయించిన జీతము 1797 వఱకును మాఱలేదు. ఆ యేట స్పిట్‌హెడ్డులో నావికులు పని మానగా ప్రభుత్వము దిగివచ్చి జీతము పెంచెను. కొలదిదినములకే నోరు రేవులో సాగిన తిరుగుబాటుకు మాత్రము నాయకుడగు పార్కరును ఉరితీసిరి. 1946 ఫిబ్రవరి 18వ తేదీన బొంబాయిలో 'తల్వారు' నావికులు చెడ్డ తిండికిని జాతిదూషణలకును ఓర్వలేక లేచినప్పుడు ఈ పాతకథయే మరల నడచెను. ఒక్క భేదము: ఇంగ్లండు నావికులను దూషించినవారు వారి జాతివారే, మనవారిని దూషించినవారు పరజాతివారు.

మేము చెప్పదలచిన విషయ మిక్కడ నున్నది. మేనమామ లేనివాడు ఆ నిచ్చెనపై ఆలస్యముగ నెక్కెను, కాని యెక్కెను. భారతీయునకు మొదటి మెట్టే లేకుండెను. వేలయేండ్లుగా సముద్రము నెఱిగిన ఈ తీరపువారు ఓడలపై కళాసీలుగా బనికివచ్చిరి గాని అధికారులుగా బనికిరారైరి. మన నౌకాశాఖలో తొలి భారతీయునకు అధికారిపదవి దక్కినది 1928లో. ఫలితమేమి? 1947లో స్వాతంత్ర్యము వచ్చినను, మన నౌకాసైన్యమునకు 1958 ఏప్రిలు వఱకు ఆంగ్లేయుడే అధిపతి. భూసైన్యమునకు 1949లో, వైమానికదళమునకు 1954లో భారతీయాధిపతులు వచ్చిరి. సముద్రమే అన్నిటికంటె ఆలస్యమయ్యెను. 1927లో 'డఫరిను' శిక్షణనౌకలో జేరిన మొదటి జట్టువాడగు రామదాసు కటారి తొలి భారతీయ నౌకాధిపతి యగుటకు ముప్పదియొక్క యేండ్లు పట్టెను.

రాజ్యాధికారము ఒక అర్ధరాత్రమున చేతులు మాఱవచ్చును. నౌకను ఏడాదిలో కొనవచ్చును. కప్తాను మాత్రము ఇరువది ముప్పదియేండ్లకు గాని తయారు గాడు. ఫిలిప్సు పోరాడిన ఆ విశాఖపట్టణమే నేడు మన తూర్పు నౌకాదళమునకు ముఖ్యస్థానము. మనము ఆంగ్లేయుల నుండి నేర్వవలసినది వారి పరీక్ష; విడువవలసినది వారి మేనమామ. జాలరిపల్లెలో బుట్టిన బాలునకును ఆ మొదటి మెట్టు అందునట్లు చూచుటయే స్వరాజ్యమునకు గుఱుతని మా నమ్మకము.