హాజరు పట్టీలో సోమవారాలు

అనంతపురం జిల్లాలో ఓ చిన్న ఊరి ప్రాథమిక పాఠశాల. తల్లిదండ్రుల సమావేశం జరుగుతోంది. మూడో తరగతి గదిలో చివరి బెంచీ మీద ఒక అవ్వ కొంగు భుజాల చుట్టూ కప్పుకుని కూర్చుంది. మనవడి తరఫున వచ్చిందామె. పిల్లాడి అమ్మానాన్నలు బెంగళూరులో బిల్డింగ్ పనుల్లో ఉన్నారు. ఆమె వంతు వచ్చాక మాస్టారు హాజరు పట్టీ తెరిచి, గళ్ల మీద వేలు జరుపుతూ లెక్కపెట్టారు.

"అవ్వా, రెండు నెలల్లో మీవాడు ఐదు రోజులు రాలేదు. అందులో నాలుగు సోమవారాలే. సోమవారం ఏమన్నా పని చెప్తున్నారా?"

"పనేముంది సారూ. పదైదు దినాలకొకసారి వాళ్లమ్మా నాయనా వస్తారు. ఆదివారం రాత్రి బస్సుకు మళ్లా పోతారు. తెల్లారితే వీడు లేయడు. కడుపునొప్పి అంటాడు, ఏమీ తినడు."

మాస్టారి దగ్గర అంకె ఉంది, కారణం లేదు. అవ్వ దగ్గర కారణం ఉంది, ఆమె ఎప్పుడూ రోజులు లెక్కపెట్టలేదు. రెండూ ఒకచోటికి రావడానికి మూడు నిమిషాలు పట్టింది. ప్రాథమిక బడిలో పిల్లల మనసు, ఒళ్లు బాగుండాలంటే ఏం చేయాలన్న ప్రశ్నకు జవాబు చాలావరకు ఆ మూడు నిమిషాల్లోనే ఉందని నా నమ్మకం. ఎందుకో అంకెలతోనే చూద్దాం.

ఏడాదికి 8,760 గంటలు. విద్యాహక్కు చట్టం ప్రకారం ఒకటి నుంచి ఐదో తరగతి వరకు బడి కనీసం 200 రోజులు నడవాలి, 800 గంటల బోధన జరగాలి. మన బడులు అంతకంటే ఎక్కువే నడుస్తాయి. రోజుకు ఆరు గంటల చొప్పున 220 రోజులు లెక్కేసుకుంటే 1,320 గంటలు. ఇక నిద్ర. 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర అవసరమని అమెరికా నిద్ర వైద్య నిపుణుల అకాడమీ 2016లో చెప్పింది. పది గంటలే అనుకుందాం. ఏడాదికి 3,650 గంటలు పోగా పిల్లవాడు మేలుకుని ఉండే సమయం 5,110 గంటలు. అందులో బడి వాటా దాదాపు నాలుగోవంతు. మిగతా మూడు వంతులూ ఇల్లు, వీధి, పొలం గట్టు, ఫోను తెర.

కడుపు లెక్క కూడా చిత్రంగా అక్కడికే వస్తుంది. మధ్యాహ్న భోజన పథకం కింద ప్రాథమిక తరగతుల పిల్లలకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె కేటాయిస్తారు. ఇందులో 450 కేలరీలు, 12 గ్రాముల ప్రొటీన్ ఉండాలన్నది నిబంధన. ఆంధ్రప్రదేశ్ బడుల్లో దీనికి తోడు గుడ్డు, చిక్కీ, రాగిజావ కూడా ఇస్తున్నారు. ఏడెనిమిదేళ్ల పిల్లలకు రోజుకు సుమారు 1,700 కేలరీలు కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. అంటే బడి పళ్లెం తీర్చేది కూడా పావు వంతు చిల్లరే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 63.2 శాతం, తెలంగాణలో 70 శాతం. ఆ పిల్లల్లో చాలామంది ఇప్పుడు ప్రాథమిక తరగతుల బెంచీల మీద ఉన్నారు. మొదటి పీరియడ్‌లోనే తల వాల్చేసే పిల్లను "బద్ధకం" అనే ముందు రాత్రి ఏం తిన్నదో, ఎన్నింటికి పడుకుందో అడగాలి. ఆ జవాబు బడిలో దొరకదు, ఇంట్లోవాళ్లే చెప్పాలి.

ఇప్పుడు హాజరు దగ్గరికి వద్దాం. నా దృష్టిలో చిన్నపిల్లల క్షేమానికి ఇంతకంటే చవకైన, నిజాయితీ గల కొలమానం లేదు. మార్కులు దిద్దేవాళ్ల చేయిని బట్టి మారతాయి. నవ్వులు ఫొటో కోసం తెప్పించవచ్చు. రానివాడు మాత్రం రాలేదు, అంతే.

ఆంధ్రప్రదేశ్‌లో పిల్లల్ని బడికి పంపే తల్లుల ఖాతాల్లో వేసే 'తల్లికి వందనం' డబ్బుకు 75 శాతం హాజరు నిబంధన పెట్టారు. డబ్బు ఇచ్చేటప్పుడు ఏదో ఒక గీత గీయాలి కాబట్టి తప్పనలేం. కానీ చాలా ఇళ్లలో "75 ఉంటే చాలు" అనే మాట స్థిరపడిపోయింది. ఆ మాటను రోజుల్లోకి మార్చి చూడండి. 220 రోజుల్లో 25 శాతం అంటే 55 రోజులు. ఒకటి నుంచి ఐదు వరకు అలాగే గడిస్తే 275 రోజులు. ఒక పూర్తి విద్యా సంవత్సరం పోయి, మరో రెండు నెలల పైన పోయినట్టు. డబ్బు మాత్రం ఐదేళ్లూ ఖాతాలో పడుతుంది.

పది శాతం గైర్హాజరు దాటితే ప్రమాద సూచనగా తీసుకోవడం కొన్ని దేశాల్లో వాడుకలో ఉంది. 220కి పది శాతం 22 రోజులు. నెలకు రెండు రోజులు మానేస్తే చాలు, గీత దగ్గరికి వచ్చినట్టే. "నెలకు రెండు రోజులేగా" అనిపిస్తుంది. అవ్వ మనవడు సరిగ్గా ఆ గీత మీదే ఉన్నాడు. హాజరు 90 శాతం దరిదాపుల్లో ఉంది కాబట్టి ఏ పథకమూ, ఏ యాప్ నివేదికా వాడి పేరు ఎర్ర రంగులో చూపించదు. ఎన్ని రోజులు అన్న దానికన్నా ఏ రోజులు అన్నదే వాడి విషయంలో ముఖ్యం. సోమవారాలన్నీ వరుసగా కనబడాలంటే మనిషి కన్ను కావాలి.

ఈ సంభాషణను చట్టం ఎప్పుడో కోరింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ ఉపాధ్యాయుల విధుల్లో తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశం కావడాన్ని చేర్చింది. ఏమేం చెప్పాలో కూడా రాసింది: పిల్లల హాజరు, నేర్చుకునే శక్తి, ప్రగతి. ఆ వరుసలో హాజరే ముందుంది. 21వ సెక్షన్ ప్రకారం బడి యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది మహిళలు ఉండాలి.

కమిటీలు ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో బడులను బాగుచేసే 'నాడు-నేడు' పనులను 2019 నుంచి తల్లిదండ్రుల కమిటీల ద్వారానే చేయించారు. తెలంగాణలో 2024లో 'అమ్మ ఆదర్శ పాఠశాల' కమిటీలు వేసి మరమ్మతులు, తాగునీరు, మరుగుదొడ్ల పనులు అప్పగించారు. ఆ పనుల విలువను తక్కువ చేయను. మరుగుదొడ్డి లేని బడిలో ఆడపిల్ల పొద్దుట్నుంచి నీళ్లు తాగకుండా కూర్చుంటుంది. కానీ సిమెంటు బస్తాలు లెక్కపెట్టమని అడిగినంత శ్రద్ధగా ఆ తల్లులను పిల్లల గైర్హాజరు లెక్కపెట్టమని మనం అడగలేదు. బడికి రాని పిల్లవాడి ఇల్లు ఏ సందులో ఉందో, వాళ్లింట్లో ఏం జరుగుతోందో హెడ్మాస్టరుకన్నా వాళ్లకే బాగా తెలుసు.

2024 డిసెంబర్ 7న ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 44 వేల ప్రభుత్వ బడుల్లో ఒకేరోజు మెగా పేరెంట్-టీచర్ మీటింగ్ జరిగింది. 2025 జూలై 10న ప్రైవేటు బడులను కూడా కలుపుకుని 61 వేల చోట్ల మళ్లీ జరిపారు. బాపట్లలో, కొత్తచెరువులో ముఖ్యమంత్రే వచ్చి తల్లిదండ్రుల మధ్య కూర్చున్నారు. బడి గడప తొక్కడానికి జంకే నాన్నలు ఎందరో ఆ రోజుల్లో లోపలికి వచ్చారు. అది మంచి మొదలు.

అయితే నిమిషాల లెక్క చూడాలి. చట్టం 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు చాలంటుంది. తలా 30 మంది. ఉపన్యాసాలు, ఆటలు, సహపంక్తి భోజనం పోగా రెండు గంటలు మిగిలాయనుకుంటే ఒక్కో కుటుంబానికి వచ్చేది 4 నిమిషాలు. ఇద్దరు టీచర్లుంటేనే ఈ లెక్క. కేంద్ర విద్యాశాఖ సేకరించే 2024-25 యూడైస్ వివరాల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఏకోపాధ్యాయ పాఠశాలలు 12,900 పైచిలుకు, దేశంలోనే అత్యధికం. తెలంగాణలో దాదాపు 5 వేలు. అక్కడ ఒకే మనిషి ఐదు తరగతులు చెప్పి, భోజనం రిజిస్టరు రాసి, ఫొటోలు అప్‌లోడ్ చేసి, ఆపైన ప్రతి తల్లితోనూ మాట్లాడాలి.

తల్లి వైపు కూడా ఒక లెక్క ఉంది. 2025-26లో మన రెండు రాష్ట్రాల్లో ఉపాధి హామీ రోజు కూలి 307 రూపాయలు. పగటిపూట సమావేశం పెడితే కూలికి వెళ్లే తల్లి ఆ డబ్బు వదులుకుని రావాలి. అంత వదులుకుని వచ్చిన మనిషికి మైకులో వినిపించే ప్రసంగం సరిపోదు. "వాళ్లకు పిల్లల చదువు మీద శ్రద్ధ లేదండీ" అని స్టాఫ్ రూముల్లో వినబడినప్పుడల్లా నాకు ఆ 307 గుర్తుకొస్తుంది. సాయంత్రం ఆరింటికి, కూలి నుంచి తిరిగొచ్చాక, నెలకొక తరగతి చొప్పున గంటకు పైగా పెడితే? పది మంది చొప్పున వచ్చినా ఒక్కొక్కరికి ఆరేడు నిమిషాలు దక్కుతాయి. ఒక్క టీచరున్న బడికి ఇదీ బరువే. అలాంటి బడులకు రెండో మనిషిని ఇవ్వకుండా పిల్లల మానసిక ఆరోగ్యం గురించి సర్క్యులర్లు పంపడం న్యాయం కాదు.

ఆ నాలుగు నిమిషాల్లో ఏం మాట్లాడుతున్నాం? తల్లి "ఎట్లా చదువుతున్నాడు సార్?" అంటుంది. టీచరు "అల్లరి ఎక్కువ, ఇంట్లో చదివించండి" అంటారు. నాన్న అయితే "కళ్లు రెండూ వదిలేసి ఎక్కడ కొట్టినా మేమేం అనం సార్" అంటాడు. ఆ మాట అనే నాన్నకు పిల్లవాడి మీద ప్రేమ లేక కాదు, తనకు అలాగే చదువు వచ్చిందని నమ్మకం. కానీ శారీరక శిక్షను, మానసిక వేధింపును విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ నిషేధించింది. తండ్రి అనుమతి ఇచ్చినా అది నేరుగా చట్టవిరుద్ధం. పక్కనే నిలబడి ఆ మాట విన్న పిల్లవాడికి ఒకటి అర్థమవుతుంది: బడిలో ఏం జరిగినా ఇంట్లో చెప్పుకునే దారి మూసుకుపోయిందని.

చదువురాని తల్లి ఏం చేయగలదన్న సందేహం ఇంకొకటి. ఇంగ్లండ్‌లోని ఎడ్యుకేషన్ ఎండోమెంట్ ఫౌండేషన్ అనేక పరిశోధనలను కలిపి చూసి, తల్లిదండ్రుల భాగస్వామ్యం వల్ల పిల్లలకు ఏడాదిలో సగటున 4 నెలల అదనపు ప్రగతి కనిపిస్తోందని తేల్చింది. అక్కడి అంకెను ఇక్కడికి యథాతథంగా తెచ్చుకోలేం. కానీ రాత్రి అన్నం తినేటప్పుడు "ఇవాళ బడిలో ఎవరితో ఆడుకున్నావు?" అని అడగడానికి అక్షరాలు అక్కర్లేదు. "ఎవరితోనూ ఆడలేదు" అన్న జవాబు వరసగా వారం రోజులు వస్తే, అది టీచరుకు చేరాల్సిన వార్త.

తల్లిదండ్రులకు నా విన్నపం ఒక్కటే. ఈసారి సమావేశానికి వెళ్లినప్పుడు మార్కుల కన్నా ముందు హాజరు పట్టీ చూపించమని అడగండి. మీ పిల్లల పేరు ఎదురుగా ఏయే రోజులు ఖాళీగా ఉన్నాయో చూసి, ఆ రోజుల్లో ఇంట్లో ఏం జరిగిందో టీచరుకు చెప్పండి. మాస్టార్లకు, టీచరమ్మలకు: వచ్చింది అవ్వ అయినా తాత అయినా కుర్చీ వేసి కూర్చోబెట్టి, ముందు వాళ్లను మాట్లాడనివ్వండి. పిల్లవాడు భయపడుతున్నాడని, ఎవరో హింసిస్తున్నారని అనుమానం వస్తే సమావేశం దాకా ఆగకండి. చైల్డ్ హెల్ప్‌లైన్ నంబరు 1098, రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఫోను చేయడానికి పైసా ఖర్చు లేదు.