పరదేశంలో కన్నుమూసిన మనవారు ఇల్లు చేరేదాకా

కువైట్‌లో ఇంటిపనికి వెళ్లిన తల్లి ఇక లేదని ఒక ఫోను. సౌదీలో భవన నిర్మాణ పనిలో ఉన్న కుమారుడు చనిపోయాడని మరొక ఫోను. కోనసీమ, కడప, జగిత్యాల, నిజామాబాదు ప్రాంతాల సంఘాలకు ఇలాంటి కబుర్లు కొత్త కాదు. కబురు క్షణంలో వస్తుంది. భౌతికకాయం రావడానికి మాత్రం రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. ఆ మధ్యకాలంలో ఆ ఇంటికి మనం ఎలా తోడుండాలో ముందే తెలుసుకుందాం.

యాకోబు ఐగుప్తులో మరణించినప్పుడు ఆయన దేహాన్ని కనానుకు చేర్చడం యోసేపుకు కూడా వెంటనే సాధ్యం కాలేదు. దేహం చెడకుండా సిద్ధపరచడానికి నలభై దినాలు పట్టింది. అంత అధికారంలో ఉన్నవాడు కూడా ఫరో ఇంటివారి ద్వారా సెలవు అడిగించుకున్నాడు. ఈనాటి పద్ధతిలోనూ ఆ రెండూ ఉన్నాయి.

మొదట ఆస్పత్రి మరణ ధ్రువీకరణ ఇవ్వాలి. ప్రమాదమో, ఆత్మహత్యో, అనుమానాస్పద మరణమో అయితే పోలీసు నివేదిక కూడా కావాలి. ఆలస్యం ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది. తర్వాత భారత రాయబార కార్యాలయం మరణాన్ని నమోదు చేసి, పాస్‌పోర్టు రద్దు చేసి, అభ్యంతరం లేదని పత్రం ఇస్తుంది. ఎంబామింగ్ చేసిన పత్రం, అంటువ్యాధి లేదన్న పత్రం జతచేస్తేనే విమానంలోకి ఎక్కిస్తారు. మన దేశంలోకి తేవడానికి ఆరోగ్య అనుమతి కూడా అవసరం. దీనికోసం కేంద్ర ఆరోగ్య శాఖ 2023 ఆగస్టులో ఈ-కేర్ అనే పోర్టల్ ప్రారంభించింది. కాగితాలు సరిగా ఉంటే 48 గంటల్లో అనుమతి ఇవ్వాలన్నది దాని ఉద్దేశం.

ఇంటివారి నుండి అడిగేది ముఖ్యంగా సమ్మతి పత్రం. భౌతికకాయాన్ని పంపాలా, అక్కడే సమాధి చేయాలా, ఎవరు తీసుకోవాలి అన్నది అందులో ఉంటుంది. దుఃఖంలో ఉన్నవారు చూపించిన చోటల్లా సంతకం పెట్టేస్తారు. సంఘకాపరి గాని, చదువుకున్న యౌవనస్థుడు గాని పక్కన కూర్చుని ప్రతి వాక్యం చదివి వినిపించాలి. బకాయిలేమీ లేవని రాసిన కాగితం మీద తొందరపడి సంతకం చేయించకండి. ఖాళీ కాగితం మీద అసలే వద్దు.

ఖర్చు ఎవరిది? సౌదీ కార్మిక చట్టం ప్రకారం దేహాన్ని పంపే ఖర్చు యజమానిదే. కఫీల్ ముందుకు రాకపోతే, పేద కుటుంబాలకు రాయబార కార్యాలయం భారతీయ సమాజ సంక్షేమ నిధి నుండి సహాయం చేయగలదు. 2009లో పెట్టిన నిధి ఇది. విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఇక్కడినుండే విన్నపం నమోదు చేయవచ్చు. కాబట్టి మధ్యవర్తి డబ్బు అడగగానే అప్పు చేయవద్దు.

హైదరాబాదు విమానాశ్రయం నుండి ఊరికి ఉచిత అంబులెన్సు ఏర్పాటు తెలంగాణ ప్రభుత్వానికి ఉంది. ఆంధ్రప్రదేశ్ వారికి ఏపీఎన్ఆర్‌టీ సొసైటీ ఆ సేవ చేస్తుంది. విమానం బయలుదేరకముందే వారికి వివరాలు అందించాలి.

భూస్థాపన అయ్యాక మరో పని ఉంది. ఎమిగ్రేషన్ అనుమతితో వెళ్లినవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంటుంది. ప్రమాద మరణమైతే 10 లక్షల రూపాయలు వస్తాయి. గల్ఫ్‌లో మరణించిన తెలంగాణ కార్మికుల కుటుంబాలకు 5 లక్షల సహాయం ఇవ్వాలని ఆ రాష్ట్ర ప్రభుత్వం 2024లో ఉత్తర్వు ఇచ్చింది. దానికి కలెక్టరుకు దరఖాస్తు చేసుకోవాలి. రావలసిన జీతం, పరిహారం విడిగా అడగాలి. ఆదరణ కూడిక ముగిసి అందరూ వెళ్లిపోయాక ఆ విధవరాలితో కలెక్టరు కార్యాలయం మెట్లు ఎక్కేవారు ఎవరు? ఆ పని సంఘం తనమీద వేసుకోవాలి.

ఎదురుచూసే ఇంటికి వెళ్లి "ఎప్పుడొస్తుంది, ఇంకా రాలేదా?" అని అడగడం కంటే పిల్లలకు అన్నం వండిపెట్టడం మేలు. ఫోనుకు జవాబు చెప్పడానికి ఒకరిని నియమించండి. పెట్టె తెరవాలా వద్దా అన్నది కుటుంబమే నిర్ణయించుకోనివ్వండి. చాలా రోజులైన దేహాన్ని చూడమని ఎవరినీ బలవంతపెట్టవద్దు.

కొందరికి అక్కడే సమాధి తప్పదు. యూఏఈ వంటి చోట్ల క్రైస్తవ సమాధి స్థలాలున్నాయి. "సొంత మట్టికి నోచుకోలేదు" అని ఆ కుటుంబాన్ని మనం గాయపరచకూడదు. యాకోబు మక్పేలా గుహకు చేరాడు. యోసేపు ఎముకలు షెకెముకు చేరడానికి తరాలు పట్టింది. మోషే అయితే ఎవరికీ తెలియని చోట సమాధి చేయబడ్డాడు. ముగ్గురినీ దేవుడు మరువలేదు. పునరుత్థాన నిరీక్షణకు ఊరి పొలిమేర అడ్డు కాదు.

ఈ ఆదివారమే ఒక చిన్న పని మొదలుపెడదాం. మన సంఘంలో విదేశాల్లో ఉన్నవారి పాస్‌పోర్టు, అకామా నకళ్లు, యజమాని ఫోను నంబరు ఇంట్లో ఉన్నాయో లేదో అడుగుదాం. లేకపోతే తెప్పించి భద్రపరచమని చెబుదాం. వారు క్షేమంగా తిరిగిరావాలనే మన ప్రార్థన. ఆ ప్రార్థనతో పాటు ఈ జాగ్రత్త కూడా ప్రేమే.