రేపటి గురువుకు నేటి లెక్క

విశాఖపట్నం నౌకాశ్రయం, ఉక్కు కర్మాగారాల నెలజీతాలపై ఎదిగిన నగరం. ఇక్కడి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, భీమునిపట్నం డైట్‌లో, ప్రైవేటు బి.ఇడి. కళాశాలల్లో ఎందరో యువతీ యువకులు ఉపాధ్యాయ శిక్షణ పొందుతున్నారు. వారిలో మన బిడ్డలూ ఉన్నారు. బోధనా పద్ధతులను, బాలల మనస్తత్వాన్ని వారు రెండేళ్లపాటు అభ్యసిస్తారు. మరి రేపు చేతికందే జీతాన్ని ఎలా నిర్వహించుకోవాలో వారికి ఎవరు నేర్పాలి?

జాతీయ ఆర్థిక విద్యా కేంద్రం 2019లో జరిపిన సర్వే ప్రకారం దేశంలోని వయోజనుల్లో 27 శాతం మందికే ఆర్థిక అక్షరాస్యత ఉంది. ఈ లోటు ఉపాధ్యాయునిలో ఉంటే అది అతనితో ఆగదు, తరగతి గదికీ పాకుతుంది.

శాతాల పాఠం

ఫోన్‌లోని రుణయాప్ రూ.5,000 అప్పు మంజూరు చేసి, రుసుము పేరిట రూ.500 ముందే కోసుకుని, వారానికి పూర్తి సొమ్ము అడిగిందనుకుందాం. చేతికందింది రూ.4,500 మాత్రమే. అంటే వారానికి 11 శాతానికి పైగా, ఏడాదికి లెక్కిస్తే 570 శాతం దాటిన భారం! శాతాలు బోధించబోయే విద్యార్థి ఈ లెక్క తన విషయంలో వేసుకోగలగాలి. వడ్డీని అల్లాహ్ ఎందుకు నిషేధించాడో ఈ ఒక్క ఉదాహరణే చాటుతుంది.

‘హలాల్’ ముసుగు

వడ్డీకి దూరంగా ఉండాలన్న మన నిష్ఠనే పెట్టుబడిగా మార్చుకునేవారూ ఉంటారు. 2018లో హైదరాబాద్ కేంద్రంగా వెలుగుచూసిన హీరా గ్రూపు వ్యవహారంలో ఏడాదికి 36 శాతం వరకు లాభం ఆశ చూపారన్నది ఈడీ అభియోగం. సొమ్ము పెట్టిన వారిలో అధికులు ముస్లింలే. ఇక్కడ ఒక ధర్మసూత్రం గుర్తుంచుకోవాలి. ఇస్లామీయ భాగస్వామ్య వ్యాపారంలో పెట్టుబడిదారుడు నష్టాన్ని కూడా భరించాలి. పెట్టుబడిపై నిర్ణీత లాభానికి హామీ ఇస్తూ, దానిని హలాల్ అనడం పరస్పర విరుద్ధం.

వ్రాసుకోవడం ఆరాధనలో భాగం

దివ్యఖుర్ఆన్‌లోని అతి దీర్ఘమైన ఆయత్ (అల్ బఖరా: 282) నమాజును గురించి కాదు, అప్పును వ్రాతపూర్వకంగా నమోదు చేసుకోవడం గురించి! లెక్క లేనిదే జకాత్ కూడా సక్రమంగా చెల్లించలేము.

కనుక శిక్షణలో ఉన్న బిడ్డలు ఈ అలవాట్లు చేసుకోవాలి. ప్రతి ఖర్చునూ వ్రాసుకోవాలి. ఉపకారవేతనంలో కొంత భాగాన్ని ఖర్చుకు ముందే పక్కన పెట్టాలి. డిపాజిట్లు కోరే సంస్థకు అనుమతి ఉన్నదీ లేనిదీ రిజర్వు బ్యాంకు వారి ‘సచేత్’ పోర్టల్‌లో చూడాలి. ఆన్‌లైన్‌లో మోసపోతే సిగ్గుపడి దాచక వెంటనే 1930కు ఫోన్ చేయాలి. తల్లిదండ్రులు కూడా ఇంటి ఆదాయ వ్యయాలను వారి ఎదుటే చర్చించాలి.

దుబారా, పిసినారితనాల నడుమ మధ్యేమార్గంలో నడవమని ఖుర్ఆన్ బోధిస్తున్నది. ఆ మార్గంలో నడిచే ఒక్క ఉపాధ్యాయుడు వందలాది కుటుంబాలకు దారి చూపగలడు.