ఆవిరి బాయిలరులో మడ్డి: పసుపు వండు రైతులు తెలిసికొనవలసిన సంగతులు

మీ యింట నీళ్ళు కాచుకొను కాగును ఒకసారి వంచి లోపల చూడుడు. ఏడాదిపాటు బోరు నీరు కాచినదైనచో అడుగున తెల్లని గట్టి పొర కట్టియుండును. అది గోటితో గీకిన రాదు. చింతపండు పులుసులో నానవేసి తోమినచో కొంత వదలును. సరిగా ఈ పొరయే పసుపు వండు ఆవిరి బాయిలరులోను కట్టును. కాని కాగును వంచి చూచినట్లు బాయిలరును వంచి చూడలేము. పైగా కాగు ఆవిరిని విడిచిపెట్టును, బాయిలరు దానిని బిగబట్టి ఉంచును. కావున కాగులో చూచి చూడనట్లు పోనిచ్చు ఈ పొరను బాయిలరు విషయములో ఉపేక్షింపరాదు.

పూర్వము పసుపు కొమ్ములను పెద్ద కడాయిలలో నీరు పోసి ఉడికించెడివారు. నేడు నిజామాబాదు, జగిత్యాల ప్రాంతములలోను, పసుపు పండు ఇతర తావులలోను ట్రాక్టరు వెనుక కట్టుకొని వచ్చు ఆవిరి బాయిలరు కల్లములోనికే వచ్చుచున్నది. కట్టెల మంటతో పుట్టిన ఆవిరి గొట్టముల గుండా డ్రమ్ములలోని దుంపలకు తగులును. నీటి ఖర్చు తక్కువ, పని త్వరగా అగును, ఉడుకు సమముగా పట్టును. అందుచే దీనికి ఆదరణ హెచ్చినది. త్రవ్వకము సాగు నెలలలో ఒక బాయిలరు నేడు ఒకరి కల్లములో, ఎల్లుండి మరియొకరి కల్లములో ఉండును. ఎక్కడికి పోయిన అక్కడి బోరు నీరే దానికి ఆహారము. ఉప్పుడు బియ్యపు మిల్లులోని బాయిలరు సంవత్సరము పొడవునా ఒకే నీటిని త్రాగును, దాని గుణము నడుపువానికి తెలిసియుండును. పొలములు తిరుగు బాయిలరు పది ఊళ్ళ నీరు త్రాగును. అందువలన మిల్లు బాయిలరు కంటె దీనియందే ఎక్కువ జాగ్రత్త అవసరమని మా అభిప్రాయము.

అద్దెకు వచ్చినది కదా, దాని మంచిచెడ్డలు యజమాని చూచుకొనునని కొందరందురు. మంట మండునది మీ కల్లములో. దాని చుట్టు తిరుగువారు మీ కూలీలు, మీ ఇంటివారు.

మడ్డి ఎక్కడి నుండి వచ్చును?

బయటనుండి పడు దుమ్ము కొంచెమే. మనము పోయు నీటిలోనే అది కరిగియున్నది. ఆవిరిగా పోవునది నీరు మాత్రమే, అందలి లవణములు బాయిలరులోనే మిగిలిపోవును. లీటరు నీటిలో 1,000 మిల్లీగ్రాముల లవణములున్నవనుకొందము. మెట్ట ప్రాంతపు బోర్లలో ఇది అరుదు కాదు. అట్టి నీరు 1,000 లీటర్లు ఆవిరైనచో లోపల 1 కిలో మిగులును. దినమునకు 2,000 లీటర్ల చొప్పున 20 దినములు నడిపినచో 40 కిలోలు. ఇది యావత్తు పెచ్చుగా మారదు. కొంత కరిగియే ఉండి నీటిని నానాటికి చిక్కపరచును. చిక్కబడిన నీరు నురుగులెత్తి ఆవిరితోపాటు గొట్టములలోనికి కొట్టుకొనిపోవును.

మిగిలినదానిలో రెండు రకములు కలవు. నీరు కాగగానే కొన్ని సున్నపు లవణములు విడిపోయి మెత్తని బురదగా అడుగునకు దిగును. ఇదియే మడ్డి. గంధకముతో కూడిన సున్నపు లవణము, ఇసుక జాతికి చెందిన సిలికా, ఇవి వేడి రేకును పట్టుకొని రాతివలె గట్టిపడును. ఇది పెచ్చు. మడ్డిని నీటితో వదలింపవచ్చును, పెచ్చును సుత్తితో గాని మందుతో గాని తీయవలసియుండును. ఒక చిక్కున్నది. వదలక ఉంచిన మడ్డి అడుగు రేకుపై మాడి తానును పెచ్చుగా మారును. కల్లమునకు వచ్చు బాయిలరులలో మంట తగులునది తరచు ఆ అడుగుననే.

మీ నీరు ఎట్టిదో తెలిసికొనుటకు ఇంటి ఆడవారి నడిగిన చాలును. పప్పు ఉడకని నీరు, సబ్బు నురుగు రాని నీరు బాయిలరునకు చెడ్డది. ఖచ్చితముగా తెలియవలెనన్న సాగునీటి నమూనాలను పరీక్షించు ప్రయోగశాలకు పంపవలెను. మీ గ్రామ వ్యవసాయాధికారి ఇందుకు సహాయపడగలరు. కాలువ నీరు, చెరువు నీరు సామాన్యముగా బోరు నీటికంటె మేలు, కాని వానిలో ఒండ్రు ఉండును. తొట్టిలో నిలువచేసి తేర్చి పోయవలెను. మన పెద్దలు కుండలో ఇండుపగింజ అరగదీసి బురద నీటిని తేర్చెడివారు. అది మంచి ఉపాయమే గాని ఒండ్రును మాత్రమే దించును, కరిగియున్న లవణములను తీయజాలదు. తేటగా కనబడు నీరెల్ల బాయిలరునకు మంచిదని భ్రమపడరాదు.

పెచ్చు వలన ముప్పు

చదరపు సెంటీమీటరునకు 1 కిలో పీడనమున బాయిలరులోని నీరు సుమారు 120 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో ఉండును. రేకు శుభ్రముగా నున్నంతవరకు మంట ఎంత తీవ్రమైనను నీరు ఆ వేడిని గుంజుకొనుచుండును గనుక రేకు నీటికంటె కొంచెమే ఎక్కువ వేడెక్కును. మధ్య పెచ్చు చేరినచో కథ మారును. పెచ్చు వేడిని ఇనుముకంటె ఇరువది రెట్లకు పైగా తక్కువగా ప్రసరింపజేయును. నీటికి చేరవలసిన వేడి రేకులోనే నిలిచిపోవును. 450 డిగ్రీలు దాటినకొలది ఉక్కు బలము తగ్గి, లోపలి పీడనమునకు రేకు బయటకు ఉబ్బును. ఉబ్బిన రేకు చీలినచో లోపలి వేడినీరు క్షణములో ఆవిరియగును. ఒక లీటరు నీరు బయటి గాలిలో ఆవిరైనప్పుడు సుమారు 1,600 లీటర్ల చోటు ఆక్రమించును. కట్టెలెక్కువ మండుట, పని ఆలస్యమగుట దీని ముందు చిన్న నష్టములు.

కావున బాయిలరు మీ కల్లమునకు రాగానే, మంట వేయక పూర్వమే, అడుగు రేకును చేతితో తడిమి చూడుడు. ఎక్కడైనను బొప్పి కట్టినట్లున్నచో దానిని వెలిగింపనీయరాదు.

గాజు గొట్టమును నమ్ముటకు ముందు

నీటి మట్టము చూపు గాజు గొట్టము బాయిలరునకు కన్నువంటిది. మడ్డి మొదట మూయునది తరచు ఈ కంటినే. గాజు గొట్టమునకు నీరు వచ్చు క్రింది దారి సన్ననిది. అందు మడ్డి చేరినచో బాయిలరులో నీరు తగ్గిపోయినను గాజులో పాత మట్టమే నిలిచియుండును. నడుపువాడు నీరున్నదనుకొనును, లోపల రేకు ఎండి ఎఱ్ఱబారుచుండును. నడుచుచున్న బాయిలరు గాజులో నీరు కొద్దిగా ఊగులాడుచుండవలెను. చలనము లేక నిలిచినచో అనుమానింపవలెను.

పరీక్ష సులభము. గాజు గొట్టమునకు మూడు కుళాయిలుండును: పైన ఆవిరిది, క్రింద నీటిది, అడుగున బయటకు వదలునది. అడుగు కుళాయి తెరచి, ఆవిరి కుళాయి మూయవలెను. నీరు జోరుగా చిమ్మవలెను. పిదప ఆవిరిది తెరచి నీటిది మూయవలెను. అప్పుడు ఆవిరి జోరుగా రావలెను. తరువాత రెండును తెరచి అడుగుది మూసినచో నీరు ఒక్క ఉదుటున పైకెగసి తన మట్టమున నిలుచును. మెల్లమెల్లగా ప్రాకినచో దారి పూడుచున్నదని అర్థము. పని మొదలుపెట్టునప్పుడును, మనిషి మారినప్పుడును ఈ పరీక్ష చేయించుడు. పట్టునది రెండు నిముషములు. చేయుటకు విసుగుకొనువానికి బాయిలరు అప్పగింపరాదు.

గాజులో నీరు బొత్తిగా కనబడనిచో కంగారుపడి చన్నీరు పోయరాదు. కాలిన రేకుపై చన్నీరు పడుట మిక్కిలి ప్రమాదకరము. మంటను తడి బూడిదతోనో మట్టితోనో కప్పి, ఆవిరి వాల్వులను కదల్పక, మనుషులను దూరముగా పంపి, తనంతట చల్లారనీయవలెను.

మడ్డి వదలు విధము

అడుగున మడ్డి వదలు వాల్వు ఉండును. ఉదయము మంట వేసి కొద్దిపాటి పీడనము రాగానే, నీరు ఇంకను తెరలక ముందు వదలుట మంచిది. రాత్రి పేరుకొన్న మడ్డి అప్పటికి అడుగుననే ఉండును. మధ్యాహ్నము మంట తగ్గించినప్పుడు మరల వదలవలెను. ముందు గాజులో నీటి మట్టము కొంచెము పెంచి, వాల్వును నెమ్మదిగా తెరచి, ఐదు పది సెకండ్లలో మూయవలెను. మట్టము ఒకటి రెండు వ్రేళ్ళు తగ్గిన చాలును. ఒక్కసారి చాలసేపు వదలుటకంటె పలుమార్లు కొంచెము కొంచెముగా వదలుట మేలు. వాల్వు తెరచినవాడు మూయువరకు కన్ను గాజుపైననే ఉంచవలెను, మరొక పనికి పోరాదు. బయటకు పోవు గొట్టము ఇనుపదై గట్టిగా బిగించియుండవలెను. తీగతో కట్టిన రబ్బరు గొట్టము ఆ ఊపునకు పామువలె ఎగిరి మనుషులపై మరుగునీరు చిమ్మును. నీరు ఒక గుంటలోనికి పోవలెను. పిల్లలు, పశువులు దాని దరికి రాకుండ చూడవలెను.

కాగిన నీరు పారబోసినచో కట్టెలు దండుగ కాదా అని మీరడుగవచ్చును. 100 లీటర్ల నీరు ఆవిరి చేయు తావున 5 లీటర్లు వదలినను, ఆ నీటితో పోవు వేడి మొత్తములో నూటికి ఒక వంతునకు లోపే.

మందుల విషయము. బట్టల సోడా, ట్రైసోడియం ఫాస్ఫేటు వంటివి తగుపాటి వేసినచో గట్టి పెచ్చు కట్టవలసిన లవణములు మెత్తని మడ్డిగా మారును. ఆ మోతాదు నీటి పరీక్షను బట్టి తెలిసినవారు నిర్ణయింపవలెను. ఎక్కువైన నురుగు లేచును. ఆవిరి నేరుగా మీ పసుపునకు తగులునని మరువరాదు. కిరసనాయిలు, పేరు తెలియని పొడులు లోపల వేయనీయరాదు. ఒకప్పుడు ఐరోపాలో బాయిలరులలో బంగాళాదుంపలు వేసి పెచ్చు కట్టకుండ చూచెడివారట! కొంత గుణము కనబడెడిది కాబోలు, నేడు ఆ అవసరము లేదు. ఉప్పుతో తిరిగి పదునుపెట్టు మెత్తనినీటి యంత్రములు దొరకుచున్నవి. స్థిరముగా ఉండు మిల్లులకు అవియే తగినవి.

సీజను ముగిసిన పిమ్మట

బాయిలరు మీదే అయినచో, లేక సంఘము తరపున కొన్నదైనచో, సీజను తుదను లోపల శుభ్రపరచవలెను. వేడిగా ఉండగా నీరు వదలివేయరాదు. ఆ వేడికి మడ్డి రేకుపై ఇటుకవలె కాలును. చేయి పట్టునంతగా చల్లారిన తరువాత ఖాళీ చేసి, మూతలు తీసి, నీటిని జోరుగా కొట్టి మడ్డి తడి ఆరకముందే కడుగవలెను. పెచ్చును మొద్దు అంచు గల సుత్తితో మెల్లగా తట్టి రాల్చవలెను, రేకుపై గాట్లు పడరాదు. మనిషి లోపలికి దిగవలసినచో గాలి బాగుగా ఆడనిచ్చి, బయట మరియొకరిని కాపలా ఉంచవలెను. తగిన నిరోధక ద్రవ్యము కలుపక ఆమ్లము పోసినచో అది ఇనుమును కూడ తినును. అప్పుడు పుట్టు హైడ్రోజను వాయువునకు దీపము తగిలిన ప్రేలును. ఆ పని అనుభవజ్ఞులకే వదలవలెను.

1923 నాటి బాయిలర్ల చట్టము స్థానమున 2025లో కొత్త చట్టము వచ్చినది. 25 లీటర్లు గాని అంతకు మించి గాని పట్టి, చదరపు సెంటీమీటరునకు 1 కిలో లేక అంతకు మించిన పీడనమున ఆవిరి పుట్టించు బాయిలరునకు తనిఖీ, ధ్రువపత్రము ఉండవలెను. అద్దెకు మాట్లాడుకొనునప్పుడే ఆ పత్రమును చూపమనుడు. గ్రామాధికారులు సీజనునకు ముందే ఊరికి వచ్చు బాయిలరుల పత్రములను పరిశీలించినచో రైతులకు ఎంతయో మేలు చేసినవారగుదురు.

శుభ్రపరచిన బాయిలరును తడిగా విడిచినచో వచ్చు సీజను నాటికి త్రుప్పు పట్టును. లోపల పూర్తిగా ఆరబెట్టి, పళ్ళెములలో కాల్చిన సున్నపు గడ్డలుంచి, మూతలు బిగింపవలెను. ఆ సున్నము తేమను పీల్చుకొనును. తిరిగి నీరు నింపుటకు ముందు పళ్ళెములను లెక్కపెట్టి బయటకు తీయవలెను.