కంటి పీడనమును కొలుచు సాధనములు

తిరువళ్లూరి వైద్య వీరరాఘవస్వామి కోవెలకు అమావాస్యనాడు తెలుగునాటినుండియు తరలివచ్చు భక్తులు, రోగము బెల్లమువలె కరగిపోవలెనని మ్రొక్కి, పుష్కరిణిలో బెల్లము విడుతురు. బాధించు రోగమునకు మ్రొక్కు తోచును. నొప్పి గాని ఎఱుపు గాని లేక, చూపును అంచులనుండి మెల్లగా హరించు నీటికాసులకు (గ్లాకోమాకు) మ్రొక్కవలెనని యెవరికి తోచును? తిరువళ్లూరు జిల్లాలోను, పొరుగున కాంచీపురము జిల్లాలోను గల పల్లెలలో, 40 ఏండ్లు నిండిన 3,924 మందిని శంకర నేత్రాలయ పరిశోధకులు పరీక్షించి 2005లో ప్రకటించిన ఫలితములనుబట్టి, ఓపెన్ యాంగిల్ గ్లాకోమా యనబడు రకము 64 మందియందు కనబడగా, ఆ సంగతి ముందే యెఱిగినవారు అందులో ఒక్కరే. ఈ రోగమును కనిపెట్టుటకు కంటి పీడనమును కొలుతురు; ఆ పరీక్షలలో ఆరోగ్యవంతుల పీడనము సగటున 14 మిల్లీమీటర్ల పాదరసము, సామాన్యమైన పైహద్దు 21 అని తేలినను, రోగులలో పలువురి పీడనము ఆ హద్దు దాటలేదు.

పూర్వము వైద్యులు మూసిన రెప్పపై వ్రేళ్లానించి, మామిడిపండును ఒత్తి చూచినట్లు, కన్ను గట్టిపడినదో లేదో ఊహించెడివారు. 1905లో నార్వే వైద్యుడు షియోట్జ్ నిర్మించిన సాధనము, వెల్లకిల పరుండిన రోగి కార్నియాపై (కంటి ముందరి పారదర్శకపు పొరపై) నిలిచి, 5.5 గ్రాముల బరువుతో అందలి సన్నని కడ్డీ ఎంత లోతు దిగెనో సూచించును. విద్యుత్తు అక్కఱలేదు, వెల తక్కువ. కావున చిన్న ఆసుపత్రులలో చిరకాలము చెల్లినది. అయితే కంటిగోడ బిగువు మనిషి మనిషికి మాఱుటచే, అది చూపు అంకె తప్పుదారి పట్టించుట కలదు.

1950 దశకమున స్విట్జర్లాండు వైద్యుడు గోల్డ్‌మన్ కార్నియాను గ్రుచ్చక, 3.06 మిల్లీమీటర్ల వ్యాసముగల వృత్తమంత మేర చదును చేయుటకు వలయు బలమును కొలిచెను. ఆ వ్యాసమును ఎన్నుకొనుటలో చమత్కారమున్నది: కార్నియా బిగువు వెలికి నెట్టుటయు, కన్నీటి పొర లోనికి లాగుటయు అచ్చట ఇంచుమించు సరిపోవును; పైగా బలమును గ్రాములలో చూచి పదింతలు చేసిన, పీడనము తేలును. మత్తుచుక్కలు, ఫ్లోరెసీన్ రంగు, నీలికాంతి, స్లిట్ ల్యాంప్ ఇన్నియు కావలసినను నేటికిని ప్రమాణము అదియే. చేతితో పట్టుకొను పెర్కిన్స్ సాధనము దాని తోబుట్టువు. మంచము పట్టిన వృద్ధునికి నాకు తెలిసి అదియే మేలు.

గాలిని ఊదు యంత్రము కంటిని తాకదు. అనేకులను త్వరగా వడపోయుటకు సాధువే గాని, క్షణములోని కొలత నాడితో మాఱుచుండుటచే పలుమాఱు చూచి సగటు తీయవలెను. సన్నని పుల్లవంటి దాని గుండ్రని కొనను కార్నియాకు తాకించి, అది వెనుదిరుగు వేగమునుబట్టి లెక్కకట్టు రీబౌండ్ సాధనము చుక్కలు లేకయే పనిచేయును గనుక పిల్లలకు అనువైనది.

ఇన్నిటిలోను ఒక చిక్కు కలదు. కార్నియా పలుచనైన అంకె తగ్గి కనబడును, మందమైన హెచ్చును. పైని చెప్పిన అధ్యయనమువారే, పట్టణవాసులకంటె పల్లెవాసుల కార్నియా పలుచనిదని కనుగొనిరి. 1960 వఱకు చిత్తూరు జిల్లాలోనుండిన తిరుత్తణిలో, ఇప్పటికిని తెలుగు మాటలాడు రైతు ఒకరికి “14 ఉన్నది, భయములేదు” అని ఎవరైన చెప్పినచో, ఆ మాట చాలదు. పీడనము వేళనుబట్టియు మాఱును గనుక, ఏ సాధనముతో, ఏ వేళ కొలిచిరో చీటీపై వ్రాయించుకొని, కార్నియా మందము చూపించి, ఈ రోగమున దెబ్బతిను దృష్టినాడి తలను పరీక్షింపుమని అడుగవలెను. మఱుమాఱు వచ్చినప్పుడు అదే సాధనముతో, ఇంచుమించు అదే వేళకు కొలిపించుకొనుట యుక్తము.