జ్వరం తగ్గినా గుండెను చూడాల్సిందే

1961 జనవరిలో టోక్యోలోని రెడ్‌క్రాస్ ఆసుపత్రికి ఓ నాలుగేళ్ల పిల్లాణ్ని తీసుకొచ్చారు. ఎంతకీ దిగని జ్వరం, ఎర్రబడ్డ కళ్లు, పగిలిన పెదవులు, ఒంటినిండా దద్దుర్లు. తెలిసిన జబ్బులు వేటితోనూ ఇవి సరిపోలలేదు. పిల్లాడు కోలుకుని ఇంటికి వెళ్లాడు గానీ వచ్చిందేమిటో తేలలేదు. డాక్టర్ తొమిసాకు కావాసాకి మాత్రం అలాంటి కేసులన్నీ వదలకుండా రాసిపెట్టుకున్నారు. 1967లో 50 మంది పిల్లల వివరాలతో వ్యాసం ప్రచురించారు. ఇప్పుడు ఆ జబ్బుకు ఆయన పేరే ఉంది.

అయితే ఆ వ్యాసంలో ఆయన దీన్ని దానంతటదే తగ్గిపోయే జబ్బుగానే భావించారు. 1970లో జపాన్ అంతటా సర్వే చేస్తే అసలు సంగతి బయటపడింది. జ్వరం తగ్గి బాగున్నారనుకున్న పిల్లల్లో కొందరు హఠాత్తుగా చనిపోయారు. శవపరీక్షల్లో, గుండెకు రక్తం అందించే ధమనులు ఉబ్బి, వాటిలో రక్తం గడ్డకట్టి కనిపించింది.

కావాసాకి జబ్బులో మధ్యస్థాయి రక్తనాళాల గోడలు వాస్తాయి. ఎక్కువగా ఐదేళ్లలోపు పిల్లలకు వస్తుంది. కారణం నేటికీ తెలియదు. నిర్ధారించే రక్తపరీక్షా లేదు. డాక్టరు కళ్లే దిక్కు. ఐదు రోజులు దాటినా యాంటీబయాటిక్‌కు లొంగని జ్వరం, పుసి లేని ఎర్రకళ్లు, స్ట్రాబెర్రీ పండులా ఎర్రగా గరుకెక్కిన నాలుక, వాచిన అరచేతులు, అరికాళ్లు, మెడ దగ్గర బిళ్ల... వీటిని కలిపి చూడాలి. చిక్కేమిటంటే అన్నీ ఒకేరోజు కనిపించవు. నిన్నటి దద్దుర్లు ఇవాళ మాయమవుతాయి. వాటి మాట తల్లి చెబితేనే డాక్టరుకు తెలుస్తుంది. ఏడాదిలోపు పసివాళ్లలో లక్షణాలు అరకొరగా ఉంటాయి, గుండెకు ముప్పు మాత్రం వాళ్లకే ఎక్కువ. చేతివేళ్ల కొసల్లో తోలు ఊడటం రెండో వారం దాటాక గానీ కనబడదు. అప్పటిదాకా ఆగితే ఆలస్యమైనట్టే.

మన పిల్లల్లో ఇంకో ఆనవాలు దొరకొచ్చు. పుట్టగానే వేసిన బీసీజీ టీకా మచ్చ కొందరిలో మళ్లీ ఎర్రబడి ఉబ్బుతుంది. బీసీజీ అందరికీ వేయని అమెరికాలో డాక్టర్లకు ఈ ఆధారం దాదాపు ఉండదు.

జ్వరం మొదలైన పది రోజుల్లోపు ఇమ్యునోగ్లోబ్యులిన్‌ను నరం ద్వారా ఎక్కించాలి. పిల్లల బరువులో కిలోకు రెండు గ్రాములు. తోడుగా ఆస్పిరిన్. చికిత్స అందకపోతే నలుగురిలో ఒకరికి గుండె ధమనులు దెబ్బతింటాయి. సకాలంలో అందితే ఆ ముప్పు వందలో ఐదుగురికి అటూఇటూగా తగ్గుతుంది. మందు ఖరీదైనదే, అయినా వాయిదా వేసే చికిత్స కాదిది.

జ్వరం తగ్గాక కూడా కొన్ని వారాల పాటు గుండెకు ఎకో పరీక్షలు చేయించాలి. ఇమ్యునోగ్లోబ్యులిన్ ఎక్కించిన పిల్లలకు తట్టు, ఆటలమ్మ టీకాలు సాధారణంగా 11 నెలలు ఆపుతారు, ఎందుకంటే అందులోని యాంటీబాడీలు టీకాను పనిచేయనివ్వవు. అందుకే టీకాల కార్డు మీద మందు ఎక్కించిన తేదీ రాయించుకోవడం మంచిది.